కొల్లేటి గట్టు నుంచి మంచు కనుమ దాకా

ముదినేపల్లిలో ఎత్తు అంటే కాలువ మీద వంతెన. అదీ కాదంటే మంచినీళ్ల ట్యాంకు, రైసుమిల్లు పొగగొట్టం. గుడివాడ నుంచి కైకలూరు, భీమవరం వైపు బస్సులో వెళ్తుంటే రెండు పక్కలా వరిచేలు, చేపల చెరువులు, వాటి గట్ల మీద కొబ్బరిచెట్లు. ఎంత దూరం చూసినా చూపుకు అడ్డం వచ్చే కొండ ఒక్కటీ ఉండదు. సైకిలు తొక్కేవాడికి ఎగుడు తెలియదు, దిగుడు తెలియదు. వాన నీరు ఎటు పోవాలో తేల్చుకోలేక చేలల్లోనే నాలుగు రోజులు నిలబడిపోయే నేల ఇది.

అయినా ఎత్తును కొలిచే మాట ఒకటి ఈ జనానికి బాగా తెలుసు. అది కాంటూరు! సముద్ర మట్టానికి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నింటినీ కలుపుతూ గీసే గీత. 1999లో ఐదో కాంటూరు వరకూ కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించిన దగ్గర్నుంచి, 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టిన రోజుల దాకా, ఆ తర్వాత కూడా ఈ పక్క టీకొట్లలో ఆ మాట వినపడని రోజు లేదు. ఎవరి చెరువు గీతకు లోపల, ఎవరిది బయట అన్నది ఇక్కడ బతుకుతెరువు ప్రశ్న.

అదే గీత హిమాలయాల్లో ప్రాణాల ప్రశ్న. కొల్లేటి దగ్గర ఒక కాంటూరు నుంచి ఇంకో కాంటూరుకు పోవాలంటే పొలాల వెంట కిలోమీటర్లు నడవాలి. మంచుకొండల మ్యాపులో ఆ గీతలు దువ్వెన పళ్లలా ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. అవి ఎంత దగ్గరగా ఉంటే కొండ అంత నిటారు. వీపున సంచీ వేసుకుని వారం రోజులు కొండల్లో తిరిగి రావాలని సరదాపడే డెల్టా కుర్రాళ్లు మొదట చదవాల్సింది ఆ గీతల్నే. ఎందుకంటే అలాంటి ప్రయాణం కాళ్ల మీద కన్నా ముందు కాయితం మీద నడుస్తుంది.

వెళ్లిన దారి వేరు, వచ్చే దారి వేరు

తిరుమల కొండకు నడిచి వెళ్లినా, శ్రీశైలం వెళ్లినా ఎక్కిన దారినే దిగి రావచ్చు. ట్రెక్కింగులో ఇంకో పద్ధతి ఉంది. ఒక ఊళ్లో బయల్దేరి, ఒక లోయలోంచి ఎక్కి, పైన కనుమ దాటి, మరో లోయలోంచి దిగి మళ్లీ మొదటి ఊరికే చేరడం. గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు కొండ చుట్టూ తిరిగి రావడమన్నమాట. చూసిన చెట్టునే మళ్లీ చూడక్కర్లేదు. రోజుకో కొత్త దృశ్యం. అందుకే మోజు దానిమీదే ఎక్కువ.

మొదటిసారి వెళ్లే తెలుగువాళ్లు తరచూ ఎంచుకునే అలాంటి దారి హిమాచల్‌ ప్రదేశ్‌ కులు జిల్లాలో ఉంది. పేరు సార్‌ పాస్‌. బయల్దేరేదీ, తిరిగి చేరేదీ పార్వతీ నది ఒడ్డున ఉన్న కసోల్‌కే. ‘సార్‌’ అంటే అక్కడి మాటలో సరస్సు. కనుమ దగ్గర ఏడాదిలో చాలా నెలలు గడ్డకట్టి ఉండే చిన్న సరస్సు ఉంది, దాని పేరే కనుమకు వచ్చింది. యూత్‌ హాస్టల్స్‌ అసోసియేషన్‌ ఆఫ్‌ ఇండియా ఏళ్ల తరబడి వేసవిలో ఇక్కడ సామాన్యులకు అందుబాటు ఖర్చులో శిబిరాలు నడుపుతూ రావడంతో, మధ్యతరగతి ఇళ్ల పిల్లలకు మంచును మొదటిసారి తొక్కించిన దారిగా దీనికి పేరు. ప్రైవేటు సంస్థలూ చాలానే తీసుకెళ్తున్నాయి.

ముదినేపల్లి నుంచి అక్కడికి చేరడమే ఒక యాత్ర. విజయవాడ వెళ్లి ఢిల్లీ రైలెక్కితే ఒక పగలు, ఒక రాత్రి, ఆపైన మరికొన్ని గంటలు. ఢిల్లీ నుంచి చండీగఢ్‌, మండీల మీదుగా కులు వైపు వెళ్లే బస్సులో రాత్రంతా ప్రయాణం. భుంతర్‌ దగ్గర దిగి, పార్వతీ నది బియాస్‌లో కలిసే చోటు నుంచి లోయలోకి మళ్లితే మరో 30 కిలోమీటర్లకు కసోల్‌. అక్కడికి నాలుగైదు కిలోమీటర్లలోనే వేడినీటి బుగ్గల మణికరణ్‌.

కసోల్‌ ఎత్తు సుమారు 1,600 మీటర్లు. అక్కడి నుంచి దేవదారు అడవిలో వాగు వెంట నడిస్తే గ్రహణ్‌ వస్తుంది. ఎత్తు దాదాపు 2,350 మీటర్లు. చెక్క ఇళ్ల చిన్న పల్లె. ఈ దారిలో ఇదే ఆఖరి ఊరు. ఆపైన పాద్రి, మిన్‌ థాచ్‌, నగారు మజిలీలు. ‘థాచ్‌’ అంటే గొర్రెల కాపర్లు మందను మేపుకునే కొండ పచ్చిక. మిన్‌ థాచ్‌ సుమారు 3,400, నగారు 3,800 మీటర్ల ఎత్తున ఉంటాయి. నగారు దగ్గరకు వచ్చేసరికి చెట్లు కిందే ఆగిపోతాయి. గడ్డీ, రాళ్లూ, మంచూ, ఆకాశం... అంతే. మర్నాడు తెల్లవారుజామున లేచి 4,200 మీటర్ల కనుమ దాటాలి. అవతలి వైపు మంచు వాలు మీద కూర్చుని పిల్లలు జారుడుబల్ల ఆడినట్టు జర్రున కిందికి జారడం ఈ దారికే ప్రత్యేకం. ఆ రాత్రి మజిలీ బిస్కేరి, 3,350 మీటర్లు. అక్కడి నుంచి అడవి దారిన దిగితే బర్షేణి. జీపెక్కితే మణికరణ్‌ మీదుగా మళ్లీ కసోల్‌.

పగలు ఎక్కిన ఎత్తు కాదు... రాత్రి పడుకున్న ఎత్తు!

కసోల్‌ నుంచి కనుమ దాకా ఎక్కాల్సిన ఎత్తు 2,600 మీటర్లు. మన లెక్కలో చెప్పుకోవాలంటే అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కే ఎత్తుకు నాలుగు రెట్లకు కాస్త తక్కువ. నాలుగు రోజుల్లో నాలుగు తిరుమలలు! కాళ్లు గట్టివైతే ఇదేమంత కష్టం అనిపిస్తుంది. చిక్కంతా కాళ్లతో కాదు, గాలితో.

కొండ మీద ప్రాణవాయువు శాతం తగ్గదు. కిందా పైనా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. సార్‌ పాస్‌ ఎత్తులో ఒత్తిడి మన నేల మీద ఉన్నదాంట్లో 60 శాతమే. విస్తట్లో అన్నం అదే, ముద్ద చిన్నదైపోయినట్టు... ఊపిరి ఎప్పటిలాగే తీసుకున్నా అందేది తక్కువ. శరీరం దీనికి అలవాటు పడుతుంది. ఊపిరి వేగం పెంచుకుంటుంది, రక్తంలో మార్పులు చేసుకుంటుంది. దానికి రోజులు కావాలి. తొందరపెడితే ఎదురు తిరుగుతుంది. తలనొప్పి, వికారం, ఆకలి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం, నీరసం... ఇవి ఎత్తు పడకపోతే కనిపించే తొలి గుర్తులు. ముదిరితే మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరుతుంది. గంటల్లో ప్రాణం మీదికొస్తుంది.

అందుకే కొండవైద్యులు చెప్పే సూత్రం ఒకటుంది. 3,000 మీటర్లు దాటాక పగలు ఎంత ఎక్కినా ఫర్వాలేదుగానీ రాత్రి పడుకునే ఎత్తు ముందు రాత్రి కన్నా 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఎక్కడున్నవాళ్లు అక్కడే ఒక రోజు ఆగాలి. ఈ సూత్రాన్ని సార్‌ పాస్‌ దారికి అన్వయించి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

గ్రహణ్‌ నుంచి నేరుగా మిన్‌ థాచ్‌కు పోతే ఒక్క రోజులో పడక 1,050 మీటర్లు పైకి లేస్తుంది. మధ్యలో 2,800 మీటర్ల ఎత్తున పాద్రిలో ఒక రాత్రి ఆగితే అదే ఎత్తు 450, 600గా రెండు ముక్కలవుతుంది. మిన్‌ థాచ్‌లో మరో రోజు ఆగితే ఇంకా మేలు. ఆ పగలు ఊరికే పైదాకా నడిచి వచ్చి మళ్లీ కిందే పడుకోవచ్చు. రోజులు తగ్గించి చూపే ప్యాకేజీల్లో మొదట ఎగిరిపోయేది ఇలాంటి మజిలీలే. ‘అయిదు రోజుల్లో అయిపోతుంది’ అన్న ప్రకటన చూసి సెలవు కలిసొచ్చిందని సంబరపడేవాళ్లు ఏ రాత్రి ఏ ఎత్తులో పడుకోబెడతారో అడిగి తెలుసుకోవాలి. ఆ అంకెలు చెప్పలేని సంస్థతో వెళ్లకపోవడమే మంచిది. సముద్ర మట్టానికి పట్టుమని పది మీటర్లు లేని ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు ఆ ఒక్క రోజు విలువ ఎక్కువ.

కరోనా రోజుల్లో ఇంటింటికీ చేరిన పల్స్‌ ఆక్సీమీటరును కొందరు కొండకూ తీసుకెళ్తున్నారు. ఇంటి దగ్గర 98 చూపించేది నగారులో 88 చూపించగానే కంగారు పడిపోతారు. ఆ ఎత్తులో చాలామందికి అది మామూలే. అంకె బాగుందని ధీమా పడటమూ తప్పే. మనిషి ఎలా ఉన్నాడన్నదే ముఖ్యం. తాగినవాడిలా అడుగులు తడబడుతున్నా, కూర్చున్నప్పుడూ ఆయాసం తగ్గకపోయినా అర్ధరాత్రి అని చూడకుండా కిందికి దించాల్సిందే. కిందికి దిగడాన్ని మించిన మందు లేదు. ఎత్తుకు ముందుగా వేసుకునే మాత్రలు ఉన్నాయిగానీ అవి డాక్టరు చెబితేనే. కొందరికి పడవు. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్లు డబ్బు కట్టక ముందే పరీక్షలు చేయించుకోవాలి.

ఎక్కడి నుంచి వెనక్కి తిరగొచ్చు?

చుట్టుదారిలో ఒక తిరకాసు ఉంది. వెళ్లిన దారినే వచ్చే ప్రయాణంలో ఎక్కడ ఇబ్బంది వచ్చినా వెనుదిరిగితే చాలు, తెలిసిన దారే. చుట్టుదారిలో ఒకచోటు దాటాక వెనక్కి తిరగడం కన్నా ముందుకు పోవడమే దగ్గరవుతుంది. ఆ చోటు ఏదో ఇంటి దగ్గరే మ్యాపు మీద గుర్తు పెట్టుకోవాలి. 1:50,000 స్కేలు సర్వే మ్యాపులో ఒక సెంటీమీటరంటే నేల మీద అర కిలోమీటరు. దారి మీద దారం పరిచి కొలిస్తే దూరం తెలుస్తుంది. గీతలు లెక్కపెడితే ఎత్తు తెలుస్తుంది. పెద్దగా చదువు అక్కర్లేని పని. పొలం కొలతలు తెలిసిన రైతుబిడ్డకు అరగంటలో వస్తుంది.

సార్‌ పాస్‌ దారిలో ఆ చోటు నగారు. నగారు దాకా ఏ మజిలీలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా గ్రహణ్‌ వైపు దిగిపోవచ్చు. గ్రహణ్‌లో మనుషులున్నారు, సాయం ఉంటుంది. నగారు దాటి మంచులో సగం దూరం వెళ్లాక జబ్బు చేస్తే, ముందు కనుమ ఎక్కితేగానీ అవతలికి దిగలేరు. బాగోలేని మనిషిని మరింత ఎత్తుకు తీసుకెళ్లాల్సి వస్తుందన్నమాట. కాబట్టి నగారులో ఆ రాత్రే అందరినీ అడగాలి. తలనొప్పి ఉందా? అన్నం తిన్నావా? తిన్నది కడుపులో నిలిచిందా? గీత గీసి దాని మీద మడమకు వేలు ఆనించి నడవమంటే నడవగలుగుతున్నావా? జవాబులో తేడా ఉంటే ఆ మనిషికి మర్నాడు కనుమ లేదు. తోడుగా ఒకరు, దారి తెలిసిన ఒకరు వెంట దిగాలి. ఆ తోడు ఎవరన్నది కొండ మీద తేల్చుకునే సంగతి కాదు. మంచు దాకా వచ్చి తిరిగిపోవడానికి అక్కడ ఎవరికీ మనసొప్పదు. అందుకే ముదినేపల్లిలోనే మాట అనుకోవాలి.

కనుమ దాటే రోజు తెల్లవారకముందే బయల్దేరడంలోనూ లెక్క ఉంది. రాత్రి చలికి మంచు గట్టిపడి అడుగు నిలుస్తుంది. ఎండ ఎక్కేకొద్దీ మెత్తబడి మోకాలి దాకా దిగబడుతుంది. మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముతాయి. ఇన్ని గంటలకల్లా కనుమ చేరకపోతే వెనక్కే అని ముందే ఒక గంట పెట్టుకుని దానికి కట్టుబడి ఉండటం అనుభవజ్ఞుల పద్ధతి.

బందరు రేవు జెండా నేర్పిన పాఠం

డెల్టా జనానికి కొండ తెలియకపోవచ్చు, హెచ్చరిక విలువ తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన వేల ప్రాణాలు తీసుకుపోయింది. ఆ తర్వాత పుట్టిన తరాలకు కూడా బందరు రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారన్నది ఇంట్లో మాట్లాడుకునే సంగతే. ఎగరేశారంటే పడవ కదలదు. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తుతున్నారంటే అవనిగడ్డ వైపు లంకల్లో గొడ్లను గట్టెక్కిస్తారు. ‘ఈసారికి ఏమీ కాదులే’ అని ఎవరూ అనరు.

కొండల్లో కావాల్సింది ఆ గుణమే. 2024 జూన్‌ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్ర తాల్‌కు వెళ్లిన 22 మంది ట్రెక్కింగు బృందం మంచుతుపానులో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. ఆ సరస్సు ఉన్నది కూడా దాదాపు సార్‌ పాస్‌ ఎత్తులోనే. ఎండాకాలం కదా అని కొండ ఊరుకోదు. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. గుడివాడలో 42 డిగ్రీల ఎండ కాసే మే నెలలోనే నగారులో రాత్రి నీళ్ల సీసా గడ్డకడుతుంది. గాలి తోడైతే మరీ ఘోరం. బయల్దేరే ముందు వారం రోజులూ వాతావరణ శాఖ ఇచ్చే హిమాచల్‌ సూచనలు చూసుకోవడం, పైన గైడు ‘ఇవాళ కాదు’ అంటే మారుమాట్లాడకపోవడం... ఈ రెండూ ఖర్చు లేని రక్షణలు. అలా ఆగిపోవడానికి వీలుగా రైలు టిక్కెట్టుకు ముందు కనీసం ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలి. చాలామందిని ప్రమాదంలోకి నెట్టేది ధైర్యం కాదు, రిజర్వేషను.

వానాకాలంలో వద్దు. జూన్‌ ఆఖరుకల్లా అక్కడికి రుతుపవనాలు వస్తాయి. 2023 జూలైలో కులు జిల్లాను ముంచెత్తిన వరదలకు రోడ్లు తెగి వేల మంది యాత్రికులు కసోల్‌, మణికరణ్‌, మనాలీల్లో చిక్కుకుపోయారు. మే నుంచి జూన్‌ సగం దాకా ఈ దారికి అనువైన కాలం.

ఇక నది. 2014 వేసవిలో రెండు వారాల తేడాతో రెండు వార్తలు తెలుగు ఇళ్లను కదిలించాయి. మే 25న నిజామాబాద్‌ జిల్లాకు చెందిన మాలావత్‌ పూర్ణ 14 ఏళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌ కుమార్‌ ఆమెతో పాటే ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి డార్జిలింగ్‌, లద్దాఖ్‌ల దాకా నెలల తరబడి సాధన చేసి వెళ్లినవాళ్లు. జూన్‌ 8న మండీ జిల్లా థలౌట్‌ దగ్గర బియాస్‌ ఒడ్డున విహారానికి ఆగిన హైదరాబాద్‌ ఇంజినీరింగ్‌ విద్యార్థులు 24 మంది, పైనున్న లార్జీ ప్రాజెక్టు నుంచి సరైన హెచ్చరిక లేకుండా వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. వాళ్లతోపాటు ఉన్న టూరు నిర్వాహకుడూ దక్కలేదు. ఆ పిల్లలు కొండ ఎక్కడానికి పోలేదు, సాహసమూ చేయలేదు. బండరాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగారు.

ముదినేపల్లి నుంచి కసోల్‌ వెళ్లే దారి ఆ బియాస్‌ లోయలోంచే. ఒడ్డున ఆరిన బండలు, అందమైన నీళ్లు చూసి దిగాలనిపిస్తుంది. పైన ఆనకట్ట ఉన్న కొండనదిలో నీరు మోకాలి లోతు నుంచి మనిషి ఎత్తుకు రావడానికి ఎంతోసేపు పట్టదు. మంచు కరిగే వాగుల్లోనైతే ఉదయం కన్నా మధ్యాహ్నం నీరు ఎక్కువ. ఈత వచ్చన్న ధీమా కాలువలకే పరిమితం. ఆ చలి నీళ్లలో చేతులు కదలవు.

కనుమ మర్నాటి నుంచే కసరత్తు

కనుమ నాడు కాకైనా కదలదంటారు. మే నెలలో మంచు కనుమ దాటాలనుకునేవాళ్లు మాత్రం సంక్రాంతి కనుమ వెళ్లిన మర్నాటి నుంచే కదలాలి. చేతిలో నాలుగు నెలలుంటాయి. ఊపిరితిత్తులు, మోకాళ్లు దారికి రావడానికి అది సరిపోతుంది.

కొండ లేని ఊళ్లో కొండ సాధన ఎలా? మొదటి నెల కాలువ గట్టు మీద రోజూ అయిదు కిలోమీటర్ల చురుకైన నడక. రెండో నెలలో అందులో సగం పరుగు. మూడో నెల నుంచి మెట్లు. మూడంతస్తుల మేడ ఎత్తు సుమారు పది మీటర్లు. దాన్ని 260 సార్లు ఎక్కితే కసోల్‌ నుంచి కనుమ దాకా ఎక్కినట్టు. రోజుకు పదిసార్లతో మొదలుపెట్టి నలభైకి తీసుకెళ్లొచ్చు. ఆఖరి నెలలో వీపున సంచీ, అందులో పది కిలోల బియ్యం. వీధిలోవాళ్లు నవ్వితే నవ్వనివ్వాలి. ఆదివారాలు విజయవాడ పక్కనున్న కొండపల్లి గుట్టలకో, మంగళగిరి మెట్లకో వెళ్తే దిగడం కూడా అలవాటవుతుంది. మోకాళ్లను అసలు దెబ్బ తీసేది ఎక్కడం కాదు, దిగడం. బిస్కేరి నుంచి బర్షేణికి దిగే రోజున ఆ సంగతి తెలుస్తుంది.

బూట్లు ముందే కొని ఈ నాలుగు నెలలూ వాటితోనే నడవాలి. కొత్త బూట్లతో కొండెక్కితే మొదటి రోజే బొబ్బలు. బట్టల విషయంలో డెల్టా అలవాటు మార్చుకోవాలి. మన ఎండకు నూలును మించిన బట్ట లేదు. చలిలో అదే శత్రువు. చెమటకు తడిస్తే ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. లోపల త్వరగా ఆరే బట్ట, దాని మీద ఉన్ని, పైన గాలీ వానా ఆపే కోటు. ఇలా పొరలు పొరలుగా ఉంటే నడిచేటప్పుడు తీసి, ఆగినప్పుడు వేసుకోవచ్చు. మంచు మీద ఎండ తళతళకు కళ్లు దెబ్బతింటాయి. నల్లకళ్లద్దాలు సోకు కాదు, అవసరం. గుడారాలు, వంట శిబిరం నడిపేవాళ్లు చూసుకుంటే వీపు మీద ఎనిమిది, పది కిలోలకు మించి ఉండక్కర్లేదు. సొంతంగా వంట చేసుకుందామని గ్యాసు డబ్బాలు ఇక్కడి నుంచి మోసుకెళ్లకూడదు. రైల్లోనూ విమానంలోనూ నిషేధం.

తిండి దగ్గర మాత్రం మన జిల్లాలది పైచేయి. ఎత్తులో ఆకలి మందగిస్తుంది, అన్నం సహించదు. నోటికి రుచి తగిలేదేదో ఒకటి సంచీలో ఉండాలి. శనగపిండి, బెల్లం, నెయ్యితో చేసే బందరు లడ్డు చిన్న ఉండలోనే బోలెడు శక్తి. వారం రోజులు పాడవదు. చలికి నెయ్యి గడ్డకట్టి రాయిలా అవుతుంది కాబట్టి తినే ముందు కాసేపు జేబులో పెట్టుకుంటే సరి. వేయించిన వేరుశనగ, జీడిపప్పు, ఖర్జూరాలు సరేసరి. ఆవకాయ చిన్న సీసాలో వెళ్తే శిబిరంలోని రొట్టెకు ప్రాణం వస్తుంది. ఆ సీసా, లడ్డు చుట్టిన కాయితం కూడా మళ్లీ సంచీలో కిందికి రావాలి. ఆ చలిలో ఏదీ త్వరగా కుళ్లదు. పచ్చిక మళ్లీ మొలవడానికి ఏళ్లు పడుతుంది. 2018లో ఉత్తరాఖండ్‌ హైకోర్టు కొండ పచ్చికల మీద రాత్రి మకాం వేయడాన్నే నిషేధించింది. ఆ రాష్ట్రంలో ట్రెక్కింగు అనుకునేవాళ్లు మజిలీలు ఎక్కడెక్కడో ముందే కనుక్కోవాలి.

గోడ మీద ఒక కాయితం

గ్రహణ్‌ దాటాక ఫోనుకు సిగ్నలు ఆశించకూడదు. అనుమతి లేకుండా శాటిలైటు ఫోను దగ్గర పెట్టుకోవడం మన దేశంలో నేరం. విదేశాల నుంచి వచ్చే అన్నయ్యలు, బావలు తెచ్చిచ్చే శాటిలైటు పరికరాలకూ అదే వర్తిస్తుంది. కాబట్టి ఇంట్లోవాళ్లకు నాలుగైదు రోజులు కబురు అందదు. ఆ సంగతి ముందే చెప్పకపోతే మూడో రోజుకే అమ్మ అన్నం మానేస్తుంది.

దీనికి పాత పద్ధతే మేలు. ఒక తెల్లకాయితం మీద తేదీలవారీగా ఏ రాత్రి ఏ మజిలీలో ఉండేదీ రాయాలి. తీసుకెళ్లే సంస్థ ఫోను నంబరు, బృందంలోని అందరి పేర్లు, రక్తం గ్రూపులు, కులు జిల్లా పోలీసుల నంబరు రాయాలి. కింద ముఖ్యమైన వాక్యం ఒకటి. ‘ఫలానా తేదీ సాయంత్రానికి కసోల్‌ నుంచి ఫోను చేస్తాం. మరో రోజు ఆలస్యం కావచ్చు, కంగారు పడొద్దు. అది కూడా దాటితే ఈ నంబర్లకు చెయ్యండి.’ ఆ కాయితాన్ని వెంకట్రామా క్యాలెండరు పక్కన గోడకు అంటించి వెళ్లాలి. దాని నకలు కసోల్‌లో స్థానిక పోలీసులకు, గైడుకు ఇవ్వాలి. వెతికేవాళ్లకు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలిస్తే సగం పని అయినట్టే.

ఆ కాయితం రాయడానికి కూర్చుంటేనే ప్రణాళికలో లొసుగులు బయటపడతాయి. ఎత్తులు తెలియవు, మజిలీలు తెలియవు, ఒకరోజు ఆలస్యమైతే తిరుగు రైలు దొరకదు... ఇలా ఖాళీలు మిగిలితే బయల్దేరే సమయం ఇంకా రాలేదన్నమాట. అన్ని గడులూ నిండితే, ఢిల్లీ రైలెక్కక ముందే ప్రయాణంలో కష్టమైన భాగం పూర్తయినట్టు.

అన్నీ సరిగ్గా చేసినా కనుమ దొరకని ఏడాది ఉంటుంది. నగారులో రెండు రోజులు కూర్చుని, మంచు కురుస్తూనే ఉంటే, గ్రహణ్‌ మీదుగా కసోల్‌కు దిగిపోయిన బృందాలు చాలానే ఉన్నాయి. వాళ్లకు చుట్టు పూర్తికాలేదు. దేవదారు అడవి చూశారు, చెట్లు ఆగిపోయే గీత దాటారు, ఉతికి ఆరేసిన పంచెలా పరుచుకున్న మంచును చూశారు. ఇంటికొచ్చాక ‘పైదాకా ఎక్కలేదా?’ అని అడిగేవాళ్లు ఉంటారు. తుపాను సూచిక ఎగిరిన రోజు వేటకు పోకుండా వల భుజానేసుకుని ఇంటికొచ్చిన మత్స్యకారుణ్ని బందరులో ఎవరూ అలా అడగరు. సముద్రం రేపూ ఉంటుంది, అతనూ ఉంటాడు.